జారిందని రాయమ్మా

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న విజయదశమి. పూజ అయ్యాక మిల్లులో మెషిన్లన్నీ మళ్లీ ఆడాయి. నా ల్యాబులో నూలు బలం చూసే మెషిన్ కూడా ఆడింది. ఆడింది గానీ, తాను కొలిచింది కంప్యూటర్‌కు మాత్రం చెప్పనంటోంది. కనెక్షన్ లేదని తెర మీద ఎర్రటి అక్షరాలు. పోయిన వారం కోయంబత్తూరు నుంచి మణికంఠన్ వచ్చి, మెషిన్‌కు కొత్తగా కంప్యూటర్ తగిలించి, సాఫ్ట్‌వేర్ వేసి, ఒక దారం లాగి చూపించి వెళ్లాడు. అప్పుడు బాగానే చెప్పింది.

పద్నాలుగో తేదీ మంగళవారం సర్జికల్ గుడ్డ నేసే కంపెనీవాళ్లు వస్తున్నారు. మా నూలు కొనాలా వద్దా అని ఆ రోజే తేలుస్తారు. చేత్తో రాసిన అంకెలు వాళ్లకు వద్దట. మెషిన్ నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి పోయినవే చూస్తారట.

ఎంతసేపు పడుతుందని నరేన్ అడిగాడు. ఇరవై ఏడేళ్లుగా ల్యాబ్ ఇన్‌చార్జిని, డిప్లొమా చదివినవాణ్ణి, పదిమంది ముందు ఏమనాలి? ఒక గంట అన్నాను. అప్పుడు ఉదయం తొమ్మిది. ఇది రాస్తున్నది సాయంత్రం ఆరున్నరకి. గంట ఇంకా అవుతూనే ఉంది.

నరేన్ మా ముదలాళి, అంటే మిల్లు యజమాని, తమ్ముడి కొడుకు, ఇప్పుడు మిల్లు మేనేజరు. నాకు అల్లుడి వరస. ఇంటి దగ్గర వాడు నన్ను మామా అంటాడు, నేను వాణ్ణి ఒరే అంటాను. మిల్లు గేటు దాటాక నేను సార్ అంటాను, వాడు మామా అనే అంటాడు. ఒక్కసారైనా 'సార్ ఎందుకు మామా' అంటాడేమోనని రెండేళ్లుగా చూస్తున్నాను.

అక్టోబర్ 4, శనివారం

మణికంఠన్‌తో ఫోన్‌లో నలభై నిమిషాలు. కేబుల్ పీకి పెట్టమన్నాడు, పెట్టాను. కంప్యూటర్ ఆపి వేయమన్నాడు, వేశాను. పోర్టు నంబరు ఎంత సార్ అని అడిగాడు. బస్సుకు ఉన్నట్టు ఎక్కడో అచ్చు కొట్టి ఉంటుందనుకున్నాను. టార్చి పట్టుకుని బల్ల కింద దూరి కంప్యూటర్ వెనకంతా వెతికాను. నడుము పట్టేసింది. ఆ నంబరు కంప్యూటర్ లోపల, తెర మీద కనబడుతుందని అతను చెప్పేసరికి నేనింకా బల్ల కిందే ఉన్నాను.

టార్చి పట్టుకున్నది ఇందిరాణి. నవ్వలేదు. పంతొమ్మిదేళ్లుగా నా దగ్గర టెస్టర్‌గా ఉంది. దారాన్ని పైన ఒక క్లాంపుకు, కింద ఒక క్లాంపుకు పట్టించి మీట నొక్కుతుంది. మెషిన్ లాగుతుంది, దారం తెగుతుంది. ఎన్ని గ్రాముల బరువుకు తెగిందో పుస్తకంలో రాస్తుంది. ఒక్కో శాంపిల్‌కు యాభై దారాలు. నేను పక్కన కూర్చుని చూస్తాను. చూడడం కూడా పనే.

అక్టోబర్ 5, ఆదివారం

సెలవు. మెషిన్ గురించి తలుచుకోలేదు.

భోజనానికి ముందు కొంచెం తలుచుకున్నాను.

అక్టోబర్ 6, సోమవారం

నరేన్ ల్యాబుకు వచ్చాడు. గంట అయిందా మామా అని అడుగుతాడేమోనని పక్కకు తిరిగి కేబుల్ పరీక్షిస్తున్నట్టు నటించాను. వాడు అదేమీ అడగలేదు. ఇందిరాణి టీకి వెళ్లి ఉంది. ఆమె పుస్తకం తీసుకుని పేజీలు తిప్పాడు. అన్ని పేజీల్లోనూ అక్కడక్కడ అంకె ఉండాల్సిన చోట 'జారింది' అని ఉంటుంది. క్లాంపులో సరిగా పట్టించకపోతే దారం తెగకుండా జారుతుంది. అలాంటిది లెక్కలోకి రాదు. జారిందని రాసి ఇంకో దారం లాగాలి. అది రూలే.

"యాభైకి ఎనిమిది జారింది అని రాసుండాది మామా," అన్నాడు. "ఆమెకి చెయ్యి నిలవలేదు. కంప్యూటర్ వచ్చినాక రాసేదానికి ఆళు వద్దు, దారం పట్టించేదానికి ఎవురైనా చాలు. దీపావళి అయినాక ఆమెను వైండింగ్‌కి పంపించేస్తాము."

వైండింగ్ అంటే నూలును కోన్లకు చుట్టే చోటు. మూడు షిఫ్టులు, ఎనిమిది గంటలు నిలబడే పని. ఇందిరాణికి మోకాళ్ల నొప్పి. ఆమె భర్త పొన్నురంగం తళవాయిపురంలో నైటీలు కుట్టే చోట పీసు లెక్కన కుడతాడు. కూతురు ధన్య నర్సింగ్ మొదటి సంవత్సరం. వైండింగ్‌కు పంపడం అంటే ఉద్యోగం మానుకో అని మర్యాదగా చెప్పడమే.

చూద్దాం అన్నట్టు తల ఊపాను. సరే అన్నట్టు ఊపానని వాడు అనుకుని వెళ్లిపోయాడు. నా తల ఎప్పుడూ ఇంతే, ఎటు ఊపినా ఒకేలా కనిపిస్తుంది.

అక్టోబర్ 7, మంగళవారం

పాత బస్టాండు దగ్గర కొత్త కేబుల్ కొన్నాను. అంగడివాడు ఏ మోడల్ సార్ అని అడిగితే నల్లది అన్నాను. నల్లదే ఇచ్చాడు. పని చేయలేదు.

సుందరవల్లి పెరుగన్నం వడ్డిస్తూ అడిగింది: "ఆ మెషిన్ బాగైతే మీకేమైనా నష్టమా?"

ముప్పై ఏళ్ల సంసారంలో ఇలాంటి ప్రశ్నలు ఆమె ఊరగాయ వేసేటప్పుడే అడుగుతుంది. నష్టమేముంటుంది అని గట్టిగానే అన్నాను. అరిచారెందుకు అంది. అరవలేదని అరిచాను.

తర్వాత ఆలోచిస్తే ఒకటి తోచింది. కంప్యూటర్ కలిస్తే ఇందిరాణి పని పోతుంది. అందుకే నా చేతులు తెలియకుండానే ఆలస్యం చేస్తున్నట్టున్నాయి. పైకి కరుకుగా కనిపిస్తాను గానీ మంచి మనిషినే. నిద్ర బాగా పట్టింది.

అక్టోబర్ 8, బుధవారం

పట్టుబడింది. ఇది ఎవరికీ చెప్పకూడదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

పొద్దున మణికంఠన్‌తో నాలుగోసారి మాట్లాడి, సాఫ్ట్‌వేర్ చేసినవాణ్ణి, కంప్యూటర్ అమ్మినవాణ్ణి, కరెంటు బోర్డును వరసగా తిట్టి ఆయాసంతో కూర్చున్నాను. ఇందిరాణి మెల్లగా వచ్చి నిలబడింది.

"కోపించుకోవద్దు సార్. పూజ నాడు మీరు మెషిన్‌కి వెనకాల చందనం పెట్టినారు గదా. ఆ కేబుల్ బొక్కలోకి గూడ పొయ్యుండాది."

ఆయుధపూజకు ల్యాబులో ప్రతి మెషిన్‌కీ చందనం, కుంకుమ నా చేత్తోనే పెడతాను. ఇంకెవర్నీ పెట్టనివ్వను. పాత మెషిన్లకు ముందరే పెట్టేవాణ్ణి. దీనికి ముందర తెర, బటన్లు ఉన్నాయి. తడి తగిలితే పాడవుతుందని, డిప్లొమా చదివిన జాగ్రత్తతో, వెనక్కి వెళ్లి పెట్టాను. తుడవడానికని కేబుల్ తీసి ఉంచాం. ఆ సాకెట్టు బొట్టు పెట్టడానికి చక్కటి చోటులా కనిపించింది. చందనం నిండుగా అద్ది, దాని మీద కుంకుమను బొటనవేలితో నొక్కాను కూడా. మరుసటి రోజు దాని మీదే కేబుల్ తెచ్చి బిగించాను. ఐదు రోజులుగా ఊరందరినీ తిడుతున్నాను.

ఇందిరాణి పాత పళ్ల బ్రష్షు, కాస్త స్పిరిట్ తెచ్చి లోపలి తొమ్మిది పిన్నులూ తోమింది. పసుపుగా పొడి రాలింది. ఆరాక కేబుల్ పెట్టింది. తెర మీద ఆకుపచ్చ వెలుగు.

దుమ్ము పట్టిందని మణికంఠన్‌కు ఫోన్‌లో చెప్పాను. ఏం రంగు దుమ్ము సార్ అని అడిగాడు. సిగ్నల్ లేదని పెట్టేశాను.

సాయంత్రం

కొనేవాళ్లకు పోవాల్సిన నూలును యాభై దారాలు లాగించి చూశాను. సగటు రెండు వందల ఇరవై గ్రాములు రావాలి. మూడో దారం నూట ఎనభైకి తెగింది. జారిందమ్మా, మళ్లీ లాగు అన్నాను, అలవాటుగా. ఆమె మళ్లీ లాగింది. కంప్యూటర్ రెండూ రాసుకుంది. జారిందని చెప్పడానికి దానికి బటన్ లేదు. యాభై అయ్యేసరికి సగటు రెండు వందల మూడు.

అంతలో కనెక్షన్ పోయింది. కేబుల్ లూజుగా ఉన్నట్టుంది.

అక్టోబర్ 9, గురువారం

కనెక్షన్ ఇంకా రాలేదని నరేన్‌కు చెప్పాను. వాడు మణికంఠన్‌కు తానే ఫోన్ చేసి సోమవారం మనిషినే రమ్మన్నాడు. పోతూ పోతూ ఇందిరాణిని పిలిచి దీపావళి తర్వాత వైండింగ్ అని చెప్పేశాడట. కారణం కూడా చెప్పాడట, చెయ్యి నిలవడం లేదని.

మధ్యాహ్నం ఆమె నా బల్ల ముందుకు వచ్చి కుడిచెయ్యి చాచింది.

"నా చెయ్యి వణుకుతాదా సార్?"

వణకలేదు. నేనే చూపు తిప్పుకున్నాను. వయసు వస్తే అందరికీ అంతేనమ్మా అన్నాను. ఆమెకు నలభై నాలుగు, నాకు యాభై ఏడు.

తెలివైన మనిషి. ఎంత మెత్తగా పొడిచింది! ఏమి అడుగుతోందో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. తాను నోరు విప్పితే నేనేమవుతానో గుర్తు చేయడానికే వచ్చింది.

అక్టోబర్ 10, శుక్రవారం

కేబుల్ లూజు కాలేదు. నేనే పీకాను. సొరుగులో టిఫిన్ బాక్సు వెనక పెట్టాను.

రాస్తే కాస్త తేలికగా ఉంటుందనుకున్నాను. లేదు.

అక్టోబర్ 11, శనివారం

సాయంత్రం బస్టాండులో పొన్నురంగం కనిపించాడు. తప్పించుకుందామని అరటిపళ్ల బండి వెనక్కి పోయాను. అతను అరటిపళ్లకే వచ్చాడు.

మర్యాదగానే మాట్లాడాడు. ఇందిరాణి రెండు రోజులుగా కుట్టుమిషన్ దగ్గర కూర్చుని సూదికి దారం ఎక్కిస్తోందట, తీస్తోందట, మళ్లీ ఎక్కిస్తోందట.

"ఒక్క తూరి గూడ తప్పలేదు సార్," అన్నాడు. "అయినా నమ్మేదానికి లేదంటాది. మీరు ఒక మాట చెప్తే నమ్ముతాది."

చెప్తానన్నాను. ఒక డజను అరటిపళ్లు కొన్నాను. మా ఇంట్లో ఎవరూ తినరు.

అక్టోబర్ 12, ఆదివారం

సుందరవల్లి పెళ్లికి వెళ్లింది. ఇల్లు ఖాళీ. ఇది నా కోసమే రాసుకుంటున్నప్పుడు ఇక్కడ కూడా అబద్ధం ఎందుకు?

నేను చేరిన కొత్తలో ఒకసారి సగటు తక్కువ వస్తే ఉన్నదున్నట్టు రాసి తీసుకుపోయాను. అప్పుడు ముదలాళి పుస్తకం విసిరేశారు. నూలు చెడ్డదా, నువ్వు చెడ్డవాడివా అని అడిగారు. తర్వాతి వారం ఒక దారం నిజంగానే జారింది. జారిందని రాసి ఇంకోటి లాగితే సగటు రెండు గ్రాములు పెరిగింది. ఎవరూ ఏమీ విసరలేదు. ఆ తర్వాత దారాలు బాగా జారడం మొదలుపెట్టాయి. తక్కువకు తెగిందల్లా జారినట్టే నాకు కనిపించేది. ఇందిరాణి వచ్చాక నేను పెన్ను కూడా పట్టుకోలేదు. జారిందని రాయమ్మా అంటే రాసేది.

పోయిన నెల ఆమె పుస్తకంలో 'జారింది' ఎన్నిసార్లు ఉందో మనసులో లెక్క వేస్తే నూట నలభై దాటింది. నిజంగా జారినవి రెండు. మూడు అనుకో.

ఆలస్యం చేసింది ఇందిరాణి కోసం కాదు. మంగళవారం రాసుకున్న ఆ మంచి మనిషి ఎవరో నాకు తెలియదు.

అక్టోబర్ 13, సోమవారం

తొమ్మిదింటికి మణికంఠన్ వచ్చాడు. అంతకు పావుగంట ముందే కేబుల్ తీసి, మెషిన్ వెనక వదులుగా తగిలించాను. అతను చూసి, నొక్కి బిగించాడు. ఆకుపచ్చ వెలుగు. ఆహా అన్నాను. ఆశ్చర్యం బాగా నటించాననే అనుకుంటున్నాను. అతను మాత్రం సాకెట్టు వాసన చూసి నా వైపు తిరిగాడు.

నరేన్, ఇందిరాణి ఇద్దరూ అక్కడే ఉన్నారు. మణికంఠన్ ఇంకో సంగతి చెప్పాడు. ఈ మెషిన్ పెట్టి పద్నాలుగు నెలలైంది. ఈ పద్నాలుగు నెలల్లో లాగిన ప్రతి దారమూ దాని లోపల దాగి ఉంటుందట. పాతవి కూడా కంప్యూటర్‌లోకి తీసుకుందామా అని అడిగాడు. నరేన్ తీసుకోమన్నాడు. వద్దనడానికి నాకు మంచి కారణం ఒక్కటీ దొరకలేదు. కరెంటు పోతే బాగుండుననుకున్నాను. మామూలు రోజుల్లో పోయే కరెంటు ఇవాళ నిక్షేపంగా ఉంది.

తెర మీద వరసలు వరసలుగా దిగాయి. తెగిన దారం గీత నిటారుగా ఎక్కి ఒక్కసారిగా కింద పడుతుందట, జారినది మెల్లమెల్లగా దిగుతుందట. నరేన్ పుస్తకం ముందు పెట్టుకుని, 'జారింది' అని ఉన్నచోటల్లా ఆ గీత చూపించమన్నాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. అన్నీ నిటారుగా ఎక్కి కింద పడ్డవే. మొత్తం వెతికి చెప్పమంటే మణికంఠన్ ఏదో నొక్కి చెప్పాడు, పద్నాలుగు నెలల్లో నిజంగా జారినవి పదకొండని.

నరేన్ ఇందిరాణి వైపు తిరిగాడు. "ఏమిమ్మా, జారనిదాన్ని జారింది అని ఎందుకు రాసినావు? ఎవురికోసం రాసినావు?"

ఆమె నోరు తెరిచింది, నా వైపు చూసింది, మూసుకుంది. తన చేతిని చూసుకుంది. నన్ను కాపాడుతోందనుకున్నాను. వెంటనే మాట్లాడానని ఇక్కడ రాసుకోవాలని ఉంది. మణికంఠన్ బ్యాగు జిప్పు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లాగేంతవరకూ నిలబడ్డాను. ఇప్పుడు చెప్పకపోతే ఆ మాట ఇక నా నోట రాదని అప్పుడు భయం వేసింది.

"రాసింది ఆమె. రాయమనింది నేను," అన్నాను. "ఒక్కటి గూడ ఆమె చెయ్యి తప్పు కాదు. తక్కువ వచ్చిందంతా జారింది అని నేనే చెప్పి రాయించినాను. ఆమెను వైండింగ్‌కి పంపించవద్దు."

నరేన్ తెర మీది అంకెలను మళ్లీ మొదటి నుంచి చదివాడు. పత్తి కలిపే మిక్సింగ్‌లో కొంతకాలంగా చెత్తపత్తి ఎక్కువ కలుస్తోందని, నూలు బలం తగ్గింది అందుకేనని వాడికి అప్పుడే అర్థమై ఉంటుంది. నేను సరిగ్గా రాసి ఉంటే ఏడాది ముందే అర్థమయ్యేది. తర్వాత "సరి, రఘురామ సార్" అన్నాడు. అంతే. నన్ను వాడు సార్ అనడం అదే మొదటిసారి. ఇంతకంటే తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 14, మంగళవారం

కొనేవాళ్లు రాలేదు. ఈ నూలు ఇవ్వలేమని, ఒక నెల గడువు కావాలని నరేన్ నిన్ననే ఫోన్ చేశాడట. ఇస్తారో లేదో తెలియదు. ఇందిరాణి ల్యాబులోనే ఉంటుంది. నేను చెత్తపత్తి గోడౌన్‌కు. మూటల దిగుమతి, ఎగుమతి చూసుకోవాలి. అక్కడ కంప్యూటర్ లేదు. సుందరవల్లికి అంతా చెప్పాను. విని ఊరగాయ జాడీకి మూత పెట్టేసింది. తర్వాత, "ఆ బిడ్డకి ఏమి చెప్పినారు?" అంది. ఏ బిడ్డ అన్నాను. ఇందిరాణి అంది. ఆమెకు చెప్పడానికేముంది, అంతా ఆమె ముందే అయింది గదా అన్నాను.

అక్టోబర్ 15, బుధవారం

మధ్యాహ్నం గోడౌన్‌లో మూటల మీద కూర్చుని ఉండగా ఇందిరాణి వచ్చింది. కృతజ్ఞత చెప్పడానికి వస్తోందనుకున్నాను. అదేం పెద్ద సంగతి కాదమ్మా అనే మాట కూడా సిద్ధం చేసుకున్నాను. సిగ్గులేని నోరు నాది.

ఆమె కూర్చోలేదు.

"మీరు జారింది అని చెప్పినప్పుడంతా నిజంగానే జారింది అనుకొంటిని సార్. చదివిన మనిషి, మీకు తెలుసు, నా కండ్లకే తెలియలేదు అనుకొంటిని. ధన్య చేతిబిడ్డగా ఉన్నప్పుడు నీళ్లు పోసేదానికి భయం. నా చెయ్యి జారతాది గదా, బిడ్డ జారిపోతే? మా అత్తనే పోయమంటిని. ఒక్కనాడు గూడ నేను పోయలేదు."

పంతొమ్మిదేళ్లుగా ఆమెకు తెలుసనే అనుకున్నాను. తెలిసి ఊరుకుంటోందని, ఇద్దరం కలిసే చేస్తున్నామని అనుకున్నాను. ఆమె చెయ్యి చాపి అడిగిన రోజు బెదిరిస్తోందని కూడా ఇక్కడ రాశాను. ఇది రాసేముందు పేజీ వెనక్కి తిప్పి మళ్లీ చదివాను. ఆమె అడిగింది అడిగినట్టే అడిగింది. నేను వయసని చెప్పాను.

ఆమె వెళ్లిపోయింది. కాసేపు మూటల మీదే కూర్చున్నాను. తర్వాత లేచి ల్యాబుకు వెళ్లాను. తలుపు దగ్గర నిలబడ్డాను. ఆమె పై క్లాంపులో దారం పట్టిస్తోంది.

"తప్పు చేసినాను ఇందిరాణీ," అన్నాను. "నీ చెయ్యి ఎప్పుడూ జారలేదు."

ఆమె తల ఎత్తలేదు. కింది క్లాంపు బిగించి మీట నొక్కింది. దారం తెగింది. అంకె తెర మీద పడింది, నూట తొంభై ఆరు.

"ఇది ఏడోది," అంది. "యాభై అయ్యేదాకా అక్కడే నిలుచుకొని చూడండి సార్."

నిలబడ్డాను. నలభై మూడు దారాలు చూశాను. ఒక్కటి కూడా జారలేదు.